పేచీ పెట్టే పేచ్‌లు: రాణిగంజ్ నుంచి జగదీశ్ మార్కెట్ దాకా

ప్యారడైజ్ సర్కిల్ అంటే అందరికీ బిర్యానీయే. ఈసారికి బిర్యానీని వదిలేసి, అక్కడి నుంచి ఎంజీ రోడ్డు పట్టుకుని ట్యాంక్‌బండ్ వైపు నడవండి. కాసేపటికి బట్టల షాపులు పల్చబడతాయి. గ్రీజు వాసన మొదలవుతుంది. షాపుల ముందు నీళ్ల మోటార్లు, ఇనుప గొలుసులు, రబ్బరు బెల్టులు, గోనెసంచుల్లో నట్లు, బోల్టులు. వెనక నుంచి ట్రాలీ ఆటో అతను "సైడ్, సైడ్" అని అరుస్తుంటాడు. రాణిగంజ్ వచ్చేసినట్టే.

ఇనుముతో పని ఉన్నవాళ్లు జంట నగరాల్లో ఎక్కడున్నా ఎప్పుడో ఒకసారి ఇక్కడికి రావాల్సిందే. రీల్స్ తీసుకునే స్పాట్ కాదు. ఆదివారం వెళ్తే షట్టర్లు తప్ప ఏమీ కనిపించవు. మామూలు రోజు పదకొండింటికి వెళ్లండి, అప్పుడు ఊపు మీదుంటుంది.

నేను వెళ్లింది స్క్రూల కోసం. నవ్వకండి. ఇంట్లో మూడు వస్తువులు తెరుచుకోనంటున్నాయి. ఒకటి, మా మేనల్లుడి బొమ్మ కారు. బ్యాటరీ డబ్బా మీద ఆవగింజంత స్క్రూ, తల అరిగిపోయి గుంటలా అయిపోయింది. రెండోది ట్రిమ్మర్. దాని స్క్రూ మీద గాడి లేదు, ప్లస్ లేదు, బుల్లి త్రిభుజం ఉంది. మూడోది బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూతకి రెండు స్క్రూలుంటాయి కదా, వాటిలో ఒకదాని తల పాత ఓనర్ చేతుల్లోనే చచ్చిపోయింది. అది రాకపోతే బ్రేక్ ఆయిల్ మార్చలేం. పాత ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, గట్టిగా బ్రేక్ కొట్టి అది వేడెక్కితే ఎంతవరకు పట్టుకుంటుందో దేవుడికే తెలియాలి.

ఈ మూడింటికీ ఇంట్లో ఉన్న ఆయుధం ఒక్కటే, టెస్టర్. తెలుగువాళ్ల ఇళ్లలో టెస్టర్ చేసేన్ని పనులు ఇంకేదీ చేయదు. కరెంటు ఉందో లేదో చూస్తుంది, ప్లగ్గు స్క్రూ బిగిస్తుంది, పెయింట్ డబ్బా మూత లేపుతుంది, సింకులో ఇరుక్కున్నది పొడుస్తుంది. త్రిభుజం ముందు మాత్రం చేతులెత్తేసింది.

హైదరాబాద్‌లో స్క్రూడ్రైవర్‌ని పేచ్‌కస్ అంటారు. పేచ్ అంటే మెలిక, మర. "వాడు పేచీ పెట్టాడ్రా" అంటామే, ఆ పేచీ కూడా ఈ మెలిక చుట్టమే. మన పాత తెలుగులో స్క్రూకి మరమేకు అనే చక్కటి మాట ఉంది, ఇప్పుడెవరూ వాడట్లేదు. నాకైతే ఈ సబ్జెక్టుకి పేచీయే కరెక్టు అనిపిస్తుంది.

స్టార్ అంటే ఏ స్టార్?

మొదటి షాపులో "స్టార్ స్క్రూడ్రైవర్ చూపించండి" అన్నాను. కౌంటర్ వెనకున్న సేఠ్ కళ్లద్దాల మీంచి చూశాడు.

"ఏ స్టార్? నాలుగు మూలల స్టారా, ఆరు మూలల స్టారా?"

అసలు గందరగోళం ఇక్కడే ఉంది. ప్లస్ గుర్తులా ఉండేదాన్ని మనం స్టార్ అంటాం. దాని అసలు పేరు ఫిలిప్స్. నిజంగా నక్షత్రంలా ఆరు రేకులుండేది ఇంకొకటి ఉంది, దాని పేరు టోర్క్స్. దాన్నీ స్టారే అంటారు. ఆన్‌లైన్‌లో స్టార్ అని కొట్టి ఆర్డర్ పెడితే రెండింట్లో ఏదైనా రావచ్చు. రాణిగంజ్‌లో అయితే కనీసం ఎదురు ప్రశ్న వస్తుంది.

ఆ షాపు గోడంతా చిన్న చిన్న సొరుగులే. ఒక్కో సొరుగు మీద బయటికి ఒక స్క్రూని శాంపిల్‌గా అంటించారు. గోడ ముందు నిలబడితే ఐదారు వందల ఏళ్ల చరిత్ర ఒక్కచోట కనిపిస్తుంది. కింది వరసలో, దుమ్ము పట్టిన సొరుగుల్లో, తల మీద ఒకే గాడి ఉన్న ఇత్తడి స్క్రూలు. వీటినే మైనస్ అంటాం. 15వ శతాబ్దంలో యూరప్‌లో కవచాలకీ తుపాకులకీ వాడినవి ఈ జాతివే. అప్పట్లో ఒక్కో మరని చేత్తో ఆకురాయి పట్టి కోసేవారు. 1760లో ఇంగ్లండ్‌లో వయట్ సోదరులు మెషిన్ మీద స్క్రూలు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక గానీ అది మామూలు మనిషి ఇంటికి రాలేదు.

మైనస్ స్క్రూలో ఒక మంచి ఉంది, ఒక చెడు ఉంది. మంచి ఏంటంటే, దేనితోనైనా తిప్పొచ్చు. రూపాయి బిళ్ల, కత్తి మొన, గోరు కూడా. చెడు ఏంటంటే, స్క్రూడ్రైవర్ గాడిలోంచి పక్కకి జారి చేతిలో దిగుతుంది. కార్పెంటర్ల ఎడమ చేతులు చూస్తే తెలుస్తుంది.

కెనడాలో రాబర్ట్‌సన్ అనే సేల్స్‌మ్యాన్‌కి సరిగ్గా అదే జరిగిందని చెబుతారు. జనం ముందు డెమో ఇస్తుంటే మొన జారి చెయ్యి తెగింది. 1908లో అతను తల మీద చదరపు గుంట ఉన్న స్క్రూని తయారుచేశాడు. చదరంలో చదరం కూర్చుంటే ఇక జారడమన్నది లేదు. ఒంటి చేత్తో బిగించొచ్చు. ఫోర్డ్ కార్ల కంపెనీకి అది తెగ నచ్చింది, హక్కులు అడిగింది. రాబర్ట్‌సన్ ఇవ్వనన్నాడు. దాంతో ఆ స్క్రూ కెనడాలోనే ఉండిపోయింది. టొరంటోలోనో బ్రాంప్టన్‌లోనో మీ కజిన్ ఉంటే వాళ్లింటి స్విచ్‌బోర్డు దగ్గరికెళ్లి చూడమనండి, చదరమే కనిపించే ఛాన్స్ ఎక్కువ. రాణిగంజ్‌లో నాలుగు షాపుల్లో అడిగాను. చదరపు బిట్ ఉంది, అది దిగే స్క్రూ లేదు. తాళంచెవి అమ్ముతారు గానీ తాళం లేదన్నమాట.

మరి ప్రపంచాన్ని గెలిచిందెవరు? జారిపోయేదే గెలిచింది.

అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి చెందిన హెన్రీ ఫిలిప్స్ ప్లస్ డిజైన్‌ని వేరే అతని దగ్గర కొని, మెరుగుచేసి, 1936లో పేటెంట్లు తీసుకున్నాడు. రాబర్ట్‌సన్‌లా బిగుసుకుని కూర్చోలేదు, అడిగినవాళ్లకల్లా లైసెన్సులిచ్చాడు. జనరల్ మోటార్స్ క్యాడిలాక్ కార్లలో వాడింది, అంతే, ప్రపంచమంతా ప్లస్ అయిపోయింది. ఫ్యాక్టరీలో మెషిన్‌కి ఇది వరం. మొన దానంతటదే మధ్యలోకి వెళ్లి కూర్చుంటుంది, మైనస్‌లా గాడి ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

బాధంతా విప్పేటప్పుడే. ప్లస్ గుంట గోడలు నిట్టనిలువుగా ఉండవు, గరాటులా ఏటవాలుగా ఉంటాయి. మీరు తిప్పే బలంలో కొంత స్క్రూడ్రైవర్‌ని పైకి నెట్టేస్తుంది. మీరు ఇంకా గట్టిగా తిప్పుతారు, అది ఇంకా గట్టిగా పైకి లేస్తుంది, "కర్ర్" అని శబ్దం వస్తుంది, గోడలు కాస్త అరుగుతాయి. నాలుగు "కర్ర్"ల తర్వాత ప్లస్ కాస్తా గుండ్రటి గుంట అవుతుంది. ఇక ఆ స్క్రూ మీ మాట వినదు. బిగింపు ఎక్కువైతే జారిపోవాలనే కావాలని అలా డిజైన్ చేశారని నెట్‌లో చాలామంది చెబుతారు. మొదటి పేటెంట్లలో అయితే ఆ మాట లేదు. లోపాన్ని తర్వాత ఫీచర్‌ అనడం సాఫ్ట్‌వేర్‌ వాళ్లు కనిపెట్టింది కాదు!

"సగం స్క్రూలు చెడేది సైజు వల్లనే," అన్నాడు సేఠ్. ప్లస్‌లో సైజులుంటాయని చాలామందికి తెలీదు. ఇంట్లో కనిపించే వాటిలో ఎక్కువ పీహెచ్ 2. ప్లగ్గుల్లో, చిన్న వస్తువుల్లో పీహెచ్ 1. బొమ్మల్లో ఇంకా చిన్నవి. పెద్ద గుంటలో చిన్న మొన పెట్టి తిప్పడమంటే వాళ్ల నాన్న చెప్పులేసుకుని పిల్లాడు పరిగెత్తడమే.

ఇంకో మాయ ఉంది. ప్లస్‌లా కనిపించేవన్నీ ప్లస్ కావు. ప్లస్ గీతల మధ్య మూలల్లో సన్నగా ఇంకో నాలుగు గీతలుంటే అది పోజిడ్రైవ్. 1960ల్లో వచ్చింది. విడిభాగాలుగా ఇంటికొచ్చి మనమే బిగించుకునే ఫర్నిచర్‌లో ఇవే ఎక్కువ. తల మీద చిన్న చుక్క ఉంటే అది జపాన్ వాళ్ల ప్లస్, జేఐఎస్ అంటారు. పాత జపాన్ కెమెరాల్లో, బైకుల్లో ఉంటుంది. ఫిలిప్స్ మొన దీంట్లో సరిగ్గా కూర్చోదు. కూర్చున్నట్టు అనిపిస్తుంది, అదే డేంజర్. ముగ్గురు కవలల్లో ఒకరి ఆధార్‌తో ఇంకొకరు రైలెక్కినట్టు, కొంతదూరం నడుస్తుంది.

అక్కడే ఒక కార్పెంటర్ వచ్చి నల్ల స్క్రూలు రెండు డబ్బాలు తీసుకెళ్లాడు. జిప్సమ్ స్క్రూలంటారు వీటిని. జిప్సమ్ బోర్డు కోసం పుట్టినవి, మన దగ్గర కిచెన్ కప్‌బోర్డుల నుంచి బెడ్డు దాకా అన్నింట్లో ఇవే. చవక, పదును, డ్రిల్లుతో క్షణంలో దిగిపోతాయి. కాకపోతే పెళుసు. గట్టి చెక్కలో బలవంతం చేస్తే మెడ విరిగి తల చేతికొస్తుంది, ఒళ్లు చెక్కలో ఉండిపోతుంది. అయినా వీటి రాకతో ఒక పాత అలవాటు తగ్గింది, అది మంచిదే. స్క్రూని సుత్తితో మేకులా దిగగొట్టి, చివర్లో ఓనర్ చూస్తున్నాడని రెండు తిప్పులు తిప్పడం! మీ పాత తలుపు బందులు ఊగుతున్నాయంటే కారణం అదే అయ్యుంటుంది. మర అంటే చెక్కని కోసుకుంటూ పట్టు పెంచుకునే మెట్లదారి. సుత్తితో కొడితే మెట్లన్నీ కూలిపోయి బావి మిగులుతుంది.

సుత్తికీ ఒక పని ఉంది

రాణిగంజ్ వెనక సందులో ఒక మెకానిక్ ఉన్నాడు. షాపుకి బోర్డు లేదు, చెట్టు ఉంది. నా బండి చూసి, బ్రేక్ డబ్బా మూత మీద వేలు పెట్టి, "ఇది స్క్రూ గాదన్నా, గుండీ అయిపోయింది" అన్నాడు.

అల్యూమినియం డబ్బాలో ఉక్కు స్క్రూ. రెండు వేరు వేరు లోహాలు, పైన వాన నీళ్లు. ఏళ్లు గడిచేసరికి రెండూ ఒకదాన్నొకటి కొరికి పట్టుకుంటాయి. దానికి తోడు తల మెత్తటిది, ప్లస్ గుంట లోతు తక్కువ. ఇంతకంటే మంచి పేచీ ఎవరూ డిజైన్ చేయలేరు.

అతను ముందు స్క్రూ చుట్టూ రెండు చుక్కలు తుప్పు వదిలించే నూనె వేశాడు. టీ తాగొచ్చాడు. తర్వాత మొద్దు ఉలి లాంటిది స్క్రూ తల మీద నిలబెట్టి సుత్తితో టక్ టక్ టక్ అని మూడు కొట్టాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. లోపల పట్టుకున్న తుప్పు పొర ఆ అదురుకి చిట్లుతుందట. నలిగిన లోహం మళ్లీ కాస్త గుంటలోకి సర్దుకుంటుంది కూడా. అప్పుడు బయటికి తీశాడు ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్‌ని. చేతికి బరువైన ఇనుప రోకలిలా ఉంటుంది. దాని వెనక సుత్తితో కొడితే, లోపలున్న ఏటవాలు గాడి ఆ దెబ్బని మెలికగా మారుస్తుంది. కొట్టడం, నొక్కడం, తిప్పడం మూడూ ఒకే క్షణంలో. మొన పైకి లేవడానికి టైమ్ ఉండదు. ప్లస్ స్క్రూకి ఉన్న రోగానికి సరిగ్గా ఇదే మందు.

రెండో దెబ్బకి కదిలింది. శబ్దమే వేరు. "టిక్" అంటుంది. ఆ టిక్ విన్నవాళ్లకి ఎందుకో నవ్వొస్తుంది, మా ఇద్దరికీ వచ్చింది.

"ఆర్ఎక్స్ హండ్రెడ్ ఇంజన్ మీద నేర్చుకున్న," అన్నాడు. 1985 నుంచి 96 వరకు తయారైన ఆ బండికి ఇంజన్ పక్క మూతలకి ప్లస్ తల స్క్రూలు. ఇంజన్ వేడికి బిగిసిపోయేవి. ఆ బళ్ల మీద పని నేర్చుకున్న మెకానిక్‌లందరి దగ్గరా ఈ రోకలి ఉంటుంది. "ఇప్పుడు పిల్లగాండ్లు డైరెక్ట్ డ్రిల్లు వెడ్తరు. స్క్రూ వోతది, డబ్బా గూడ వోతది."

పాత స్క్రూలు చెత్తలో పడేసి కొత్తగా ఎలెన్‌కీ స్క్రూలు బిగించాడు. తల మీద ఆరు మూలల గుంట ఉంటుంది, ఎల్ ఆకారంలో వంచిన కడ్డీతో తిప్పుతాం. 1910లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊళ్లో విలియం అలెన్ అనే అతను పెట్టిన కంపెనీ పేరు అది. అలెన్ కాస్తా మన మెకానిక్‌ల నోట్లో ఎలెన్ అయింది. గోడలు నిటారుగా ఉంటాయి కాబట్టి మొన పైకి లేవదు. దీనికీ ఒక జబ్బుంది. అమెరికా ఇంచుల కీని మన మిల్లీమీటర్ల స్క్రూలో పెడితే వదులుగా దిగి, మూలలు నున్నగా అయిపోతాయి. అందుకే సెట్ కొనేటప్పుడు ఎంఎం అని రాసి ఉందో లేదో చూసుకోండి.

సుల్తాన్ బజార్‌లో దిగాక

బండి మెకానిక్ దగ్గరే వదిలేసి, పరేడ్ గ్రౌండ్స్ దాకా ఆటో, అక్కడ గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా సుల్తాన్ బజార్. దిగితే కోఠి. చీరల బేరాల మధ్యలోంచి నడుచుకుంటూ గుజరాతీ గల్లీకి వెళ్లాలి. పక్కనే పాత బ్రిటిష్ రెసిడెన్సీ, మనకు కోఠి ఉమెన్స్ కాలేజీగా తెలిసిన భవనం. 1800ల మొదట్లో ఇక్కడ ఆ స్తంభాలు లేస్తున్న రోజుల్లోనే, లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే అనే అతను ఒకే కొలతలో మరలు కోసే లేత్‌ని తయారుచేశాడు. అంతకు ముందు ఒక బోల్టు నట్టు ఇంకో బోల్టుకి పట్టేది కాదు. ఆ మెషిన్ లేకపోతే గుజరాతీ గల్లీ ఉండేది కాదు.

గల్లీలో ఇనుము ఉండదు. అంతా ప్లాస్టిక్, రాగి, ఎల్‌ఈడీ. ఛార్జర్లు, కేబుళ్లు, సోల్డరింగ్ తుపాకులు, కాలేజీ ప్రాజెక్టు బోర్డులు. ఇంజనీరింగ్ పిల్లలు లిస్టులు పట్టుకుని తిరుగుతుంటారు. నేను ట్రిమ్మర్ బయటికి తీసి త్రిభుజం చూపించాను. కుర్రాడు కళ్లెత్తకుండానే బిట్ల సెట్టు కౌంటర్ మీద పెట్టాడు. అరచేతిలో పట్టే డబ్బాలో ముప్పైకి పైగా మొనలు. మైనస్, ప్లస్, టోర్క్స్, మధ్యలో సూది ఉన్న టోర్క్స్, మూడు రెక్కల ఫ్యాన్‌లా ఉండేది, త్రిభుజం, ఐదు రేకుల పువ్వు. బేరమాడితే 200 లోపే.

డబ్బా మూత తెరిచి చూస్తే ఆ ముప్పై మొనలు రెండు రకాలుగా అనిపించాయి నాకు. కొన్ని పట్టు కోసం పుట్టాయి. 1967లో వచ్చిన టోర్క్స్ అలాంటిదే. ఆరు రేకుల గోడలు నిటారుగా ఉంటాయి, మోటారు బలమంతా స్క్రూకి చేరుతుంది, జారదు. హార్డ్‌డిస్కుల్లో, కార్లలో అందుకే వాడతారు. మిగతావి పట్టు కోసం పుట్టలేదు, మనల్ని బయట నిలబెట్టడం కోసం పుట్టాయి. అదే టోర్క్స్ గుంట మధ్యలో చిన్న సూది నిలబెట్టారనుకోండి, మామూలు మొన దిగదు. ఆ సూది వల్ల పట్టు ఏమాత్రం పెరగదు. మూడు రెక్కలది వీడియో గేమ్ డబ్బాల్లో, త్రిభుజం ట్రిమ్మర్లలో, బొమ్మల్లో, ఛార్జర్లలో ఉంటుంది. ఆ తలలు చెప్పేది ఒకటే: "నువ్వు కొన్నావు సరే, తెరవకు."

తెరవొద్దనడం ప్రతిసారీ తప్పేం కాదు. మన బండి కొత్త నంబర్ ప్లేట్ స్నాప్ లాక్‌తో వస్తుంది, ఒకసారి బిగిస్తే విరగ్గొట్టాల్సిందే. ప్లేట్లు మార్చి దొంగతనాలు చేసేవాళ్ల కోసం అది. కొన్ని దేశాల్లో పబ్లిక్ టాయిలెట్లలో ఒకవైపే తిరిగే స్క్రూలు వాడతారు. బిగుస్తాయి, విప్పబోతే మొన ఏటవాలు మీంచి జారిపోతుంది. పిల్లల బొమ్మ బ్యాటరీ డబ్బాకి స్క్రూ ఉండాల్సిందే. బిళ్ల బ్యాటరీ పిల్లాడు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చేయగలదు. ఇక్కడ నాకు కోపం ఎక్కడంటే, అంత ముఖ్యమైన స్క్రూకి అంత మెత్తటి లోహం వాడతారు. నాలుగుసార్లు బ్యాటరీ మారిస్తే తల అరుగుతుంది. అప్పుడు ఇళ్లలో ఏం చేస్తాం? మూతకి సెలోటేప్ అంటించేస్తాం. టేపు పీకడం రెండేళ్ల పిల్లాడికి ఆటే.

మేనల్లుడి కారు స్క్రూని అక్కడి కుర్రాడే తీశాడు. అరిగిన గుంట మీద వెడల్పాటి రబ్బరు బ్యాండ్ పరిచి, దాని మీంచి మొన నొక్కి మెల్లగా తిప్పాడు. రబ్బరు ఖాళీలన్నీ నింపుతుంది. యూట్యూబ్‌లో చూసే ఉంటారు. పెద్ద స్క్రూలకి ఇది పనిచేయదని రాణిగంజ్ మెకానిక్ కొట్టిపారేశాడు గానీ, బొమ్మలకి చేస్తుంది. పాత స్క్రూని గల్లీలోనే వదిలేసి, స్టీలుది కొత్తది వేయించాను. పది రూపాయలు కూడా తీసుకోలేదు.

ఐదు రేకుల పువ్వు

గుజరాతీ గల్లీ నుంచి ట్రూప్ బజార్ మీదుగా నడిస్తే ఆబిడ్స్. దారి పొడుగునా స్విచ్‌బోర్డులు, కుళాయిలు, ఫ్యాన్లు. ట్రూప్ బజార్ గురించి ఒక్క మాట. ఇక్కడ చాలా స్విచ్‌బోర్డు స్క్రూల తల మీద ప్లస్, మైనస్ రెండూ కలిపి ఉంటాయి. చూడ్డానికి అందంగా ఉండవు గానీ, ఎవరి దగ్గర ఏ పనిముట్టు ఉన్నా తిప్పొచ్చు. టెస్టర్ ఉన్న దేశానికి తగిన స్క్రూ అది.

జగదీశ్ మార్కెట్ ఫోన్ల లోకం. మనిషి పట్టేంత సందులు, రెండు వైపులా గాజు కౌంటర్లు, కౌంటర్ మీద దీపం, దీపం కింద తెరిచిన ఫోను, దాని మీదికి వంగిన తల. ఇక్కడి కుర్రాళ్లు మైక్రోస్కోప్ కింద చేసే పని మామూలుది కాదు. ప్రతి ఒక్కడి ముందూ అయస్కాంతం చాప ఉంటుంది. ఫోన్‌లోంచి తీసిన స్క్రూలని, అవి ఏ మూల నుంచి వచ్చాయో అదే ఆకారంలో చాప మీద పేరుస్తారు. చాదస్తం కాదది. కొన్ని ఫోన్లలో పక్కపక్క స్క్రూల పొడవులో తేడా వెంట్రుక మందమే. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే, మొన కింద బోర్డులోని తీగల్ని తెంపేస్తుంది. ఒక్క స్క్రూ తప్పితే బోర్డు మొత్తం పోయినట్టే.

నేను నిలబడ్డ కౌంటర్ దగ్గర ఒకమ్మాయి ఫోన్ ఇచ్చి కూర్చుంది. పాత ఫోన్. లోపల బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ ఒక పక్క లేచింది. ఇలాంటిది మీ దగ్గరుంటే ఇంట్లో గుచ్చొద్దు, నిప్పు అంటుకుంటుంది.

"మా నాన్నది. వాయిస్ మెసేజ్‌లున్నాయి, బ్యాకప్ లేదు. ఫోన్ బాగవకపోయినా పర్లేదన్నా, ఒక్కసారి ఆన్ అయితే చాలు."

ఫోన్ కింది అంచున, ఛార్జింగ్ రంధ్రానికి రెండు వైపులా రెండు స్క్రూలు. ఐదు రేకుల పువ్వు. పెంటలోబ్ అంటారు. 2009లో ఆపిల్ ల్యాప్‌టాప్ బ్యాటరీల దగ్గర మొదలైంది. ఐఫోన్ 4 మొదట్లో మామూలు ప్లస్ స్క్రూలతోనే వచ్చింది, తర్వాత ఈ పువ్వు వచ్చింది. అప్పట్లో ఈ మొన బయట దొరికేది కాదు. ఇప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద దొరుకుతుంది. తాళం ఎంత కొత్తగా చేసినా తాళంచెవి ఏడాది రెండేళ్లలో గుజరాతీ గల్లీకి వచ్చేస్తుంది. కానీ ఆ ఏడాది రెండేళ్లలో ఎన్ని ఫోన్లు చెత్తలోకి పోతాయి?

మన దేశంలోనూ కదలిక ఉంది. రిపేరు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది, డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ యంత్రాలు అందులోకి వస్తాయి. అధికారిక సర్వీస్ సెంటర్లు, విడిభాగాల వివరాలు అందులో పెట్టాలన్నది ఆలోచన. జగదీశ్ మార్కెట్ కుర్రాడిని అడిగితే, "పోర్టల్ సంగతి దెల్వదన్నా, పార్టులు ఇస్తే చాలు" అన్నాడు.

ఒక స్క్రూ సులువుగానే వచ్చింది. రెండోది రాలేదు. ముందే ఎవరో తప్పు మొనతో ప్రయత్నించారు, ఐదు రేకులూ నలిగి గుంట మిగిలింది. అతను మైక్రోస్కోప్ కిందికి జరిపి చూశాడు. రెండు మూడు మొనలు మార్చాడు. ఆరు రేకులది కాస్త పెద్దది నొక్కి చూశాడు. జారింది. అమ్మాయి మాట్లాడట్లేదు. ఆ తల మందం బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, దాని వెనకాల ఒక మనిషి గొంతు ఉంది.

"అంచు మీద చిన్న గీత వడ్తది అక్కా. ఏం గాదు గద?"

"ఏం కాదన్నా."

సన్నటి బ్లేడు తీశాడు. మెషిన్ పెట్టలేదు, లోపల ఉబ్బిన బ్యాటరీ ఉంది కదా. ఊపిరి బిగబట్టి, చేత్తోనే, స్క్రూ తలకి అడ్డంగా గీరడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి కళ్లు తుడుచుకున్నాడు. చివరికి ఆ పువ్వు మీద ఒక గీత పడింది. ఒకే ఒక్క గాడి. రాణిగంజ్‌లో దుమ్ము పట్టిన కింది సొరుగులో చూశానే, అదే మైనస్. వాచీలు బాగుచేసేవాళ్లు వాడే బుల్లి మైనస్ మొన దాంట్లో పెట్టి తిప్పాడు. వచ్చేసింది.

బ్యాటరీని జిగురు కరిగించి, వంచకుండా తీసి, ఇసుక డబ్బాలో పెట్టాడు. కొత్తది తగిలించాడు. స్క్రీన్ నల్లగా ఉంది. కాసేపు నల్లగానే ఉంది. తర్వాత వెలిగింది. అమ్మాయి లాక్ నంబర్ కొట్టింది, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అటు తిరిగింది. ఆమె ఏం విన్నదో మేం వినలేదు. పక్క కౌంటర్‌లో ఎవరో టెంపర్డ్ గ్లాస్ బేరం చేస్తున్నారు.

తిరిగొచ్చి ఫోన్ ఇచ్చాక కుర్రాడు మూత బిగించబోతూ ఆగాడు. చాప మీద రెండు రకాల కొత్త స్క్రూలు పెట్టి చూపించాడు.

"కింద కంపెనీ లెక్క పువ్వువి ఎయ్యాల్నా, ప్లస్‌వి ఎయ్యాల్నా అక్కా?"

"ప్లస్‌వి వెయ్యన్నా," అంది.